నోమ్ బంగారం మీద పడ్డ కబ్జా

వలస వచ్చినవాడు కూలి చేసుకుంటున్నంత కాలం అతని కాగితాల ఊసు ఎవరికీ పట్టదు. వాడి చేతికి బంగారం తగిలిందా, ఊరందరికీ చట్టం గుర్తొస్తుంది. కెనడాలోని క్లాండైక్ బంగారు వేట హడావుడి మాటున మరుగునపడ్డ అలాస్కాలోని నోమ్ ఊరి ఉదంతం సారాంశం ఇదే.

యాఫెత్ లిండెబర్గ్ నార్వే కుర్రాడు. క్లాండైక్ గని కార్మికులు ఆకలికి అల్లాడుతున్నారన్న వార్తలు విని అమెరికా ప్రభుత్వం 1898లో నార్వే నుంచి ఐదు వందలకు పైగా రెయిన్‌డీర్లను, వాటిని కాసే సామీ తెగ కుటుంబాలను ఓడలో తెప్పించింది. వాళ్లతో పాటే ఇతనూ పనికి కుదిరి వచ్చాడు. ఆ సెప్టెంబరులోనే ఎరిక్ లిండ్‌బ్లోమ్ అనే దర్జీతోనూ, జాన్ బ్రింటెసన్ అనే గని కార్మికుడితోనూ కలిసి నోమ్ దగ్గరి ఆన్విల్ వాగులో బంగారం పట్టాడు. స్వీడన్‌లో పుట్టిన ఆ ఇద్దరూ అప్పటికే అమెరికా పౌరులు. లిండెబర్గ్ కూడా పౌరుడినవుతానని అలాస్కాలోని సెయింట్ మైకేల్ రేవులో డిక్లరేషన్ ఇచ్చాడు. 1872 గనుల చట్టం అడిగేది అంతే.

అయినా 1899 జులైలో, క్లెయిములు (బంగారం తవ్వుకోవడానికి మేకులు పాతి గుర్తుపెట్టుకున్న స్థలాలు) దక్కనివాళ్లు సభ పెట్టి విదేశీయుల క్లెయిములు చెల్లవని తీర్మానించబోయారు. తీర్మానం నెగ్గగానే దూకి ఆక్రమించుకోవడానికి మనుషుల్ని కొండ మీద సిద్ధంగా ఉంచారు. లెఫ్టినెంట్ స్పాల్డింగ్ సైనికులతో వచ్చి సభను చెదరగొట్టకపోతే ఆ రోజే పనైపోయేది.

తర్వాతి అంకం మన భూకబ్జాలు చూసినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. నార్త్ డకోటా రాజకీయాల్లో చక్రం తిప్పే అలెగ్జాండర్ మెకెంజీ ఆ క్లెయిముల మీద కబ్జాదారులు చెప్పుకుంటున్న దొంగ హక్కులు పోగేసి కంపెనీ పెట్టాడు. తన మనిషి ఆర్థర్ నోయెస్‌ను జడ్జిగా వేయించుకున్నాడు. 1900 జులైలో ఇద్దరూ ఒకే ఓడలో దిగారు. వారం తిరక్కుండానే, అవతలి పక్షం మాట వినకుండానే, మేలైన క్లెయిములకు మెకెంజీయే రిసీవర్ (కేసు తేలేదాకా ఆస్తిని చూసుకోమని కోర్టు పెట్టే మనిషి)! అప్పీలుకు కూడా జడ్జి ఒప్పుకోలేదు. లాయర్లు కాగితాలు పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఓడెక్కాల్సి వచ్చింది. అక్కడి అప్పీలు కోర్టు ఉత్తర్వులనూ మెకెంజీ ఖాతరు చేయకపోయేసరికి, అక్టోబరులో కోర్టు అధికారులైన మార్షల్స్ వచ్చి పట్టుకెళ్లారు. ఏడాది జైలు వేస్తే, కొద్ది నెలలకే అధ్యక్షుడు మెకిన్లీ క్షమించేశాడు. జడ్జిగారికి వెయ్యి డాలర్ల జరిమానా. (అంత బంగారానికి ఆ మాత్రం ఖర్చు ఎవరైనా పెట్టుకుంటారు.)

ముందొచ్చినవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీలతో ఊళ్లో లేనివాళ్ల పేర్ల మీద కూడా మేకులు పాతి వాగులకు వాగులే కట్టేసుకున్నారన్న ఫిర్యాదు నిజమే. వెనకొచ్చినవాళ్ల కడుపుమంటలో న్యాయం ఉంది. ఆ జబ్బుకు మందు పవర్ ఆఫ్ అటార్నీలకు హద్దు పెట్టడం. 1912లో అమెరికా కాంగ్రెస్ అలాస్కాకు చేసిందదే. దానికి మనిషి పుట్టిన దేశంతో పనేముంది?

ఇలాంటి కబ్జాదారుల వాదనకు అసలు దెబ్బ 1902లో పడింది. మరో అలాస్కా గని కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: విదేశీయుడి క్లెయిమును ప్రశ్నించే అధికారం ప్రభుత్వానికే ఉంటుంది, ఇంకెవరికీ ఉండదు. అతని సొత్తు మీద కన్నేసినవాడు అతని పౌరసత్వం గురించి అడగడానికి లేదు.

ఇవాళ అమెరికాలో మన పిల్లల పరిస్థితికి ఈ మాట పనికొస్తుంది. డిక్లరేషన్ ఇచ్చి పౌరసత్వం కోసం చూసిన లిండెబర్గ్‌లాగే వీళ్లూ సగం దారిలో ఉన్నారు. ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నిబంధన వల్ల గ్రీన్‌కార్డు క్యూ దశాబ్దాలకు సాగింది. ఉద్యోగం పోతే హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి అక్కడ మిగిలేది అరవై రోజులు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. చర్చంతా ఆ రుసుము చుట్టూనే తిరుగుతోంది గానీ, నా దృష్టిలో అంతకంటే ప్రమాదకరమైనది వేరే ఉంది. ఉద్యోగి హోదా కాగితం అతని పనితో లాభపడే యజమాని చేతిలోనే ఉండటం. జీతం పెంచమని అడగాలన్నా, కంపెనీ మారాలన్నా ముందు ఆ కాగితం వైపు చూసుకోవాలి. ప్రవాస సంఘాలు రుసుము తగ్గించమని అర్జీలు పెట్టడం మాని, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఉద్యోగి తన పేరుతో తానే వేసుకునే హక్కు కోసం పట్టుబట్టాలి.