కోళ్ల రోగం మొక్కజొన్న లారీలోనే దిగుతోంది

అక్టోబరులో కోళ్ల ఫారం గేటు ముందు మొక్కజొన్న లారీ ఆగగానే రైతు గోతం మూతి విప్పి నాలుగు గింజలు నోట్లో వేసుకుంటాడు. పంటి కింద టక్కున విరిగితే ఆరిన గింజ. మెత్తగా నలిగితే తడి గింజ. తర్వాత గుప్పెడు తీసి ముక్కిన వాసన వస్తోందేమో చూస్తాడు. ఆపైన బేరం. ఈ పరీక్ష తడిని బాగానే పట్టిస్తుంది. కానీ అఫ్లటాక్సిన్ అనే బూజు విషాన్ని నాలుకా, ముక్కూ పసిగట్టలేవు. బంగారంలా మెరిసే గింజలో కూడా అది ఉండొచ్చు. లారీ దిగుమతి అవుతుంది, రెండు మూడు వారాల తర్వాత షెడ్డులో గుడ్లు తగ్గుతాయి. అప్పుడు రైతు డాక్టరుకు ఫోన్ చేస్తాడు.

కోళ్ల ఆరోగ్యం అనగానే మనకు టీకాలు, మందులు, డాక్టరే గుర్తొస్తాయి. షెడ్లలో మనం వైద్యం చేస్తున్న జబ్బుల్లో చాలా వాటికి దారి వేసేది దాణా గది అని నేను నమ్ముతున్నాను. ఆ గదిని పట్టించుకోకుండా మందులు మార్చుకుంటూ పోతే బిల్లు పెరుగుతుంది, కోడి కోలుకోదు.

దాణా బాగుంటే ఏ రోగమూ రాదని మాత్రం అనను. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఎంత మంచి దాణా పెట్టిన రైతైనా దాన్ని ఆపగలిగేవాడు కాదు. అలాంటి వైరస్‌కు అడ్డుకట్ట వేరే: బయటి మనుషులు, బళ్లు, పక్షులు షెడ్డులోకి రాకుండా చూసుకోవాలి. కానీ బర్డ్ ఫ్లూ వస్తే పేపర్లో పతాక శీర్షిక వస్తుంది. దాణా వల్ల ప్రతి ఏడూ జరిగే నష్టం గురించి ఎవరూ రాయరు. అది రోజుకు కొన్ని గుడ్లు, వారానికి కొన్ని కోళ్లు అన్నట్టు మెల్లగా జరిగిపోతుంది.

లెక్క చూద్దాం. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. 10,000 కోళ్లున్న ఫారానికి రోజుకు 1,100 కిలోలు కావాలి. ఉత్పత్తి ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా దాణాదే. గుడ్ల శాతం, అంటే వంద కోళ్లకు రోజుకు వచ్చే గుడ్లు, కేవలం మూడు తగ్గినా రోజుకు 300 గుడ్లు, నెలకు 9,000 గుడ్లు పోయినట్టే. అంత తగ్గుదలను ఎండ మీదకో, కోళ్ల వయసు మీదకో నెట్టేసి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది.

అఫ్లటాక్సిన్ కథ మొదలైంది కూడా కోళ్ల జాతి పక్షులతోనే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. కొత్త వైరస్ అనుకున్నారు. చివరికి బ్రెజిల్ నుంచి తెచ్చి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో దొరికింది దోషి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పేరులోని అక్షరాలతోనే ఆ విషానికి పేరు పెట్టారు. మొక్కజొన్న, వేరుశనగ, పత్తి గింజ ఈ బూజుకు ఇష్టమైన చోట్లు. వెచ్చదనం, తేమ రెండూ ఉంటే చాలు. ఖరీఫ్ మొక్కజొన్న కోతకొచ్చే సమయానికి మన దగ్గర ఆ రెండూ ఉంటాయి. రోడ్ల మీద ఆరబోసిన కుప్పపై వాన పడుతుంది, పట్టాలు కప్పుతారు, లోపల గింజ వేడెక్కుతుంది. ఎండల్లో చేతికొచ్చే రబీ మొక్కజొన్నకు, అంటే కృష్ణా, గుంటూరు వైపు వరి కోశాక దున్నకుండా వేసే పంటకు, ఈ బెడద చాలా తక్కువ. గోదాము ఉన్న రైతు ఏప్రిల్, మే నెలల్లో ఆ గింజ కొని నిల్వ చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అప్పుకు కట్టే వడ్డీని, వానాకాలం గింజతో వచ్చే నష్టాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఈ విషం మొదట కాలేయాన్ని కొడుతుంది. పోస్టుమార్టం చేస్తే కాలేయం పసుపుపచ్చగా, కొవ్వు పట్టి, వేలితో నొక్కితే చితికిపోయేలా కనిపిస్తుంది. గుడ్డు సొనలోని కొవ్వు తయారయ్యేది కాలేయంలోనే కాబట్టి గుడ్ల సంఖ్యా, సైజూ రెండూ పడిపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం వ్యాధి నిరోధక శక్తికి. రోగాలతో పోరాడే కణాలు పెరిగే బర్సా, థైమస్ గ్రంథులు కుంచించుకుపోతాయి. అప్పుడు గంబోరో టీకా వేసినా, కొక్కెర తెగులు టీకా వేసినా శరీరం సరిగా స్పందించదు. టీకా వేసిన షెడ్డులోనే రోగం వస్తుంది. రైతు టీకా కంపెనీని తిట్టుకుని ఇంకో కంపెనీకి మారతాడు. బలహీనపడ్డ కోడి మీద ఇతర సూక్ష్మక్రిములు కూడా పడితే యాంటీబయాటిక్ మొదలుపెడతాడు. ఇక్కడి నుంచి సమస్య ఫారం దాటి మన కంచంలోకి వస్తుంది.

మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ల దాణాలో కలుపుతున్నారని తేలాక, 2019 జులైలో కేంద్రం ఆహారానికి పెంచే జంతువుల్లో దాని వాడకాన్ని నిషేధించింది. యూరప్ 2006 నుంచే పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని ఆపేసింది. నిషేధం మంచిదే. కానీ దాణా నాసిగా ఉన్నంత కాలం కోడి పేగులు బలహీనంగానే ఉంటాయి, ఒక మందు పోతే ఇంకో మందు ఆ చోటు వెతుక్కుంటుంది. మందు మానమని రైతుకు చెప్పేవాళ్లు మందు అవసరం రాని దాణా అతనికి ఎలా దొరుకుతుందో కూడా చెప్పాలి.

చాలామంది రైతులు దాణాలో టాక్సిన్ బైండర్, అంటే బూజు విషాన్ని పట్టి ఉంచే పొడి, కలిపేశాం కదా అని ధీమాగా ఉంటారు. బెంటోనైట్ లాంటి మట్టి బైండర్లు అఫ్లటాక్సిన్‌ను బాగానే పట్టుకుంటాయి. కిడ్నీలను దెబ్బతీసే ఆక్రాటాక్సిన్, నోట్లో పుండ్లు తెచ్చే టీ-2 లాంటి వేరే బూజు విషాలను అవి పెద్దగా పట్టుకోలేవు. ఏ విషం ఉందో పరీక్షించకుండా బైండర్ పోయడం అంటే రక్త పరీక్ష లేకుండా మందు రాయడమే.

తేమ సంగతి కూడా డబ్బు లెక్కలోనే చెప్పాలి. 14 శాతం తేమ ఉండాల్సిన మొక్కజొన్న 17 శాతంతో వచ్చిందనుకోండి. 20 టన్నుల లారీలో రైతు దాదాపు 700 కిలోల నీళ్లు కొన్నట్టు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయల లెక్కన చూసినా ఒక్క లోడులో 16 వేలకు పైగా నీళ్లపాలు. ఒక తేమ మీటరు కొనుక్కుని గేటు దగ్గరే చూసుకుంటే చాలు, బేరం మారిపోతుంది.

ప్రొటీన్ విషయంలో మోసం ఇంకా తెలివైనది. మామూలు ల్యాబ్ పరీక్ష ప్రొటీన్‌ను నేరుగా కొలవదు. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. 100 కిలోల సోయా చెక్కలో కిలో యూరియా కలిపితే కాగితం మీద ప్రొటీన్ దాదాపు రెండున్నర శాతం పెరుగుతుంది, కోడికి మాత్రం ఆ పెరుగుదల వల్ల ఒరిగేదేమీ లేదు. చైనాలో ఇదే పని నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ అనే రసాయనంతో చేశారు. 2008లో అక్కడి నుంచి వచ్చిన గుడ్లలో మెలమిన్ ఉన్నట్టు హాంకాంగ్ పరీక్షల్లో బయటపడింది. దాణాలో వేసింది గుడ్డులోకి వస్తుందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ప్రొటీన్ శాతం ఒక్కటే చూసి కొనే రైతు ఈ మోసానికి సులువుగా దొరికిపోతాడు. ఎండు చేపల పొడిలో ఇసుక, ఉప్పు ఎంతున్నాయో, సోయా చెక్క సరిగా వేగిందో లేదో, మెథియోనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ఎంతున్నాయో అడిగేవాడికి ఆ రిస్క్ తక్కువ.

ధరలు పెరిగినప్పుడే ఈ మోసాలు ఎక్కువవుతాయి. 2021లో సోయా చెక్క కిలో 90 రూపాయలు దాటితే కేంద్రం ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. ఇప్పుడు మొక్కజొన్న ఇథనాల్ వైపు పోతోంది. ఆ ఫ్యాక్టరీల నుంచి డీడీజీఎస్ అనే పిప్పి చవకగా వస్తోంది. ప్రొటీన్ ఉంది, ధర తక్కువ, రైతు ఆశపడటం సహజం. కానీ గింజలో మూడింట రెండు వంతుల దాకా ఉండే పిండి పదార్థం ఆల్కహాల్‌గా, గ్యాస్‌గా పోయాక మిగిలేది ఈ పిప్పి. బూజు విషం ఆవిరి కాదు. అందుకే మొక్కజొన్నలో ఉన్నదానికి మూడు రెట్ల వరకు పిప్పిలో పోగుపడుతుంది. బూజు పట్టిన గింజను ఇథనాల్‌కు పంపితే పీడ పోయిందనుకుంటాం, అది మూడింతలై మన షెడ్డుకే తిరిగొస్తుంది. డీడీజీఎస్ వద్దని నేను అనడం లేదు. ప్రతి లోడుకూ టాక్సిన్ రిపోర్టు అడగకుండా కొనొద్దంటున్నాను.

మొక్కజొన్న అందనప్పుడు గోదావరి జిల్లాల్లో నూకలు వాడతారు. అది చెడ్డ పని కాదు. కాకపోతే నూకల్లో పసుపు రంగు పదార్థం లేదు కాబట్టి సొన పాలిపోతుంది, పోషకాల్లో పెద్దగా తేడా లేకపోయినా కొనేవాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఎండాకాలంలో ఇంకో చిక్కు. కోడి రొప్పుతూ మేత తగ్గిస్తుంది, పెంకు పలుచబడుతుంది. ఒక్కో గుడ్డు పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి, పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది. సాయంత్రం చల్లబడ్డాక ముతక గుల్ల వేయడం మన రైతుల్లో చాలామందికి తెలిసిన మంచి అలవాటు. నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, కోడి మేతకు రెట్టింపు నీళ్లు తాగుతుంది, పైపుల్లో పాచి ఉంటే ఎంత మంచి దాణా అయినా వృథా.

నాకు ఎక్కువ బాధ కలిగించేది కంపెనీ కాంట్రాక్టు మీద మాంసం కోళ్లు పెంచే బ్రాయిలర్ రైతు పరిస్థితి. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులూ కంపెనీవే. రైతుకు షెడ్డు, కరెంటు, శ్రమ. కానీ కిలో మాంసానికి ఎక్కువ దాణా పట్టిందని, మరణాలు పెరిగాయని కోత పడేది మాత్రం అతని పెంపకం చార్జీల్లో. దాణాలో ఏముందో చూసే హక్కు లేని మనిషి దాణా తప్పుకు ఎందుకు జరిమానా కట్టాలి? ప్రతి లోడు నుంచీ ఇద్దరి ఎదుటా శాంపిల్ తీసి, సీలు వేసి, ఒకటి రైతు దగ్గర ఉంచాలి. బ్యాచ్ దెబ్బతింటే దాన్ని మూడో పక్షం ల్యాబ్‌కు పంపాలి. ఒప్పందంలో ఈ ఒక్క షరతు రాయించగలిగితే సగం గొడవలు తీరతాయి.

గుడ్ల కోళ్లు పెంచే లేయర్ రైతుల సమస్య వేరు. చాలామంది తమ మిక్సర్‌లోనే దాణా కలుపుకుంటారు. కోళ్ల దాణాలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదన్నది భారత ప్రమాణం. ఆంధ్రప్రదేశ్ 2020లో పశువుల దాణా నాణ్యతపై ప్రత్యేక చట్టం కూడా తెచ్చింది. అయితే ఇలాంటి నిబంధనల చూపు ఫ్యాక్టరీలో కుట్టిన బస్తా మీదే ఉంటుంది. మార్కెట్ యార్డు నుంచి నేరుగా ఫారానికి వచ్చే మొక్కజొన్న లారీని ఆపి అడిగేవాళ్లు లేరు.

రాజేంద్రనగర్‌లో జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, అక్కడే తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. చదువుకు, పరిశోధనకు మనకు కొదవ లేదు. కానీ కోళ్ల ఫారాలున్న తణుకులో, అనపర్తిలో, షాద్‌నగర్‌లో, గజ్వేల్‌లో పొద్దున శాంపిల్ ఇస్తే సాయంత్రానికి ఫలితం చెప్పే కౌంటర్ కావాలి. విషం గోతంలో ఒక మూలే ఉండొచ్చు కాబట్టి పైపై గుప్పెడు సరిపోదు. లారీలో పది పదిహేను చోట్ల ఇనుప గొట్టం గుచ్చి, తీసిందంతా కలిపి, మరపట్టి అప్పుడు పరీక్షించాలి. దీనికి శిక్షణ ఉన్న ఒక మనిషి, పరీక్ష పట్టీని చదివే ఒక స్ట్రిప్ రీడరు చాలు. నాలుగైదు లక్షల రూపాయల లోడు ముందు ఆ ఖర్చు ఎంత? మార్కెట్ కమిటీలు వసూలు చేసే సెస్సులోంచే ఇది పెట్టొచ్చు. ఖరీఫ్ మొక్కజొన్న యార్డులకు రాకముందే, సెప్టెంబరు చివరికల్లా ఈ కౌంటర్లు తెరిస్తే మొదటి లారీ నుంచే పరీక్ష మొదలవుతుంది.