తెహ్రాన్‌కు మొదటి పేజీ, వాకపల్లికి?

(విశాఖ బీచ్ రోడ్డు. రామ్మూర్తి ఒక తెలుగు పత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యారు. శారద ఆయన అన్న కూతురు, లా చదువుతోంది.)

శారద: బాబాయ్, 2022లో, హిజాబ్ సరిగా వేసుకోలేదని పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమినీ చనిపోయాక ఇరాన్ ఆడవాళ్లు రోడ్డెక్కితే ఇక్కడ వీరనారులన్నారు. అక్కడి ప్రభుత్వ మీడియా అల్లర్లు, విదేశీ కుట్ర అంది. పరాయి దేశపు ఆడది ఎదిరిస్తే ధైర్యం, మన ఊరిది ఎదిరిస్తే గొడవ.

రామ్మూర్తి: అందర్నీ ఒకే గాటన కట్టకమ్మా. ఆ వార్త రాసి జైలుకెళ్లిన నీలూఫర్ హమేదీ, ఇలాహె మొహమ్మదీ ఇరాన్ విలేకరులే.

శారద: వాళ్లకు దణ్ణం పెడతాను. నేననేది శీర్షికలు పెట్టే డెస్కుల గురించి. 1968లో అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట ఆడవాళ్లు బ్రాలు, హైహీల్స్ చెత్తడబ్బాలో పడేశారు. మంట పెట్టలేదు. అయినా బ్రాలు తగలబెట్టారనే ముద్ర పడింది, ఆడదాన్ని అందంతో తూచడమేంటని వాళ్లు అడిగిన ప్రశ్న గాలికిపోయింది. మరి మన మన్యంలో? 2007 ఆగస్టులో వాకపల్లిలో 11 మంది కోందు గిరిజన స్త్రీలు, పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. 2023 ఏప్రిల్‌లో ఈ విశాఖ కోర్టే నిందితులను విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారమూ ఇవ్వమంది. ఈ రెండో ముక్క మీ స్నేహితుల్లో ఎందరికి తెలుసు?

రామ్మూర్తి: తెహ్రాన్ ఫొటో వార్తా సంస్థ నుంచి రెడీగా వస్తుంది. వాకపల్లికి కొండెక్కాలి. మండల కంట్రిబ్యూటర్‌కి లైనుకింత అని ఇస్తారు, యాడ్సూ అతనే తేవాలి.

శారద: అతనికి జీతం ఇమ్మని మీరెప్పుడైనా అడిగారా?

రామ్మూర్తి: అడిగాను! యాజమాన్యం వింటేగా. అది వదిలెయ్. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయిస్తే, ఈ విశాఖలోనే మొదలైన ఈనాడు ఆ ఉద్యమాన్ని భుజానికెత్తుకుంది. 1993లో సారా నిషేధం వచ్చింది. తల్లుల కన్నీళ్లని రాస్తేనే మగాళ్లూ చదివారు. స్త్రీవాదం అంటే పేజీ తిప్పేసేవారు.

శారద: కాదనలేను. కానీ వాళ్లు రాత్రిబడుల్లో చదువుకుని, సారా వేలంపాటలు అడ్డుకున్నారు. అది రాజకీయం బాబాయ్. కన్నీళ్లే చూపిస్తే జనానికి జాలి మిగులుతుంది. సారా తర్వాత మొత్తం మద్యానికి పెట్టిన నిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడు, ఆ ఉద్యమం నడిపినవాళ్లుగా వాళ్లనెవరు అడిగారు?

రామ్మూర్తి: సరే, వాకపల్లి తీర్పుకు శీర్షిక నువ్వే పెట్టు.

శారద: దర్యాప్తు లోపం ముందు రావాలి.

రామ్మూర్తి: విడుదలే తీర్పు. దాన్ని వెనక్కి నెడితే తీర్పును తిప్పిరాసినట్టే.

శారద: అయితే రెండూ కలిపి పెట్టండి.

రామ్మూర్తి: రెండు కాలమ్స్‌లో పట్టదు.

శారద: నాలుగివ్వండి. ఇరాన్‌కి ఇచ్చారుగా.