ప్లాస్టిక్ కటి ఎముక గారి సాక్ష్యం మీద నా అభ్యంతరం

మహారాజశ్రీ ప్లాస్టిక్ కటి ఎముక గారికి, ఒక ఎముకల డాక్టరు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగాల్సిన పని లేదనుకోండి. మీకు షుగరు లేదు, బీపీ లేదు, ఎముకలు గుల్లబారే వయసు మీకు రానే రాదు. మీరు పరీక్షల కోసం మనిషి కటి ఎముక ఆకారంలో పోతపోసిన నమూనా కదా. పైన గట్టి పొర, లోపల పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ నురుగు. మీతోపాటు అదే అచ్చులోంచి దిగిన అన్నదమ్ములంతా ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటారు. ఎముకలూ ప్లేట్లూ ఎంత బరువు మోస్తాయో కొలిచే బయోమెకానిక్స్ ల్యాబులో మీ పలుకుబడికి కారణం కూడా ఇదే. మీలో తొడ ఎముక తల కూర్చునే గుంట, అదే తుంటి గిన్నె, విరిగితే ఏ ప్లేటు వేయాలి, ఎన్ని స్క్రూలు బిగించాలి అని తగువు వచ్చినప్పుడల్లా మిమ్మల్నే సాక్షిగా పిలుస్తారు. మీరు యంత్రం కింద నిలబడి, బరువు మోసి, "ఫలానా ప్లేటే గట్టిది" అని చెప్పి వెళ్లిపోతారు. ఆ మాట పట్టుకుని కంపెనీ రిప్రజెంటేటివ్ మా ఓపీ గుమ్మం దగ్గర గ్రాఫు పట్టుకుని నిలబడతాడు.

ముందు మీ గాయం సంగతి మాట్లాడదాం. మనిషికి తుంటి గిన్నె ఎలా విరుగుతుందో మీకు ఎవరైనా చెప్పారా? కారు ముందు సీట్లో బెల్టు పెట్టుకోకుండా ఒకాయన కూర్చున్నాడు. ఎదురుగా లారీ. మోకాలు పోయి డ్యాష్‌బోర్డుకు గుద్దుకుంటుంది. ఆ దెబ్బ తొడ ఎముక వెంబడి వెళ్లి, దాని తలను గిన్నె వెనక గోడ మీదికి తోస్తుంది. గోడ ముక్కలవుతుంది, తల కీలు దాటి వెనక్కి జారిపోతుంది. ముక్కలు ఎన్నన్నది ఆ లారీ వేగాన్ని బట్టి ఉంటుంది. కొన్నిసార్లు మృదులాస్థితో సహా ఒక పలక లోపలి మెత్తటి ఎముకలోకి నొక్కుకుపోతుంది. దాన్ని సన్నటి ఉలితో పైకి లేపాలి, కింద మిగిలిన ఖాళీలో ఎముక పొడి కూరాలి, ఆ తర్వాతే గోడ ముక్కను దాని చోట కూర్చోబెట్టాలి. ఇదంతా కాలికి పోయే పెద్ద నరం, సయాటిక్ నరాన్ని పక్కనే పెట్టుకుని చేయాలి.

మీకో? పెన్సిలుతో ఒక గీత గీస్తారు. గీత వెంబడి రంపం నడిపిస్తారు. ఒక్కటే ముక్క, నున్నటి అంచులు. రంపం బ్లేడు మందమంత ఎముక పొడిగా రాలిపోతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. విరిగిన కాసేపటికే మీకు ఆపరేషన్ కూడా అయిపోతుంది. మా రోగి ముందు ఊళ్లో నాటు కట్టు కట్టించుకుని, తర్వాత సీటీ స్కానుకు డబ్బులు సర్దుకుని, ఆపైన బీపీ అదుపులోకి వచ్చి బల్ల ఎక్కేసరికి మూడో వారం నడుస్తుంటుంది. అది కూడా దాటితే ముక్కల మధ్య కొత్త ఎముక పేరుకుని, వాటిని కదిలించడమే గగనమవుతుంది.

పారిస్‌లో రొబేర్ జుడే, ఎమిల్ లెటూర్నెల్ కలిసి ఈ గిన్నె ఎన్ని రకాలుగా విరుగుతుందో లెక్క తేల్చి 1964లో ప్రచురించారు. గిన్నెను తిరగేసిన వై అక్షరంలాంటి రెండు స్తంభాలు మోస్తున్నాయని వాళ్లు చూపించారు. సాదా రకాలు ఐదు, కలగలుపువి ఐదు, మొత్తం పది. ఇప్పటికీ మేం ఆ లెక్కే చెప్పుకుంటాం. తమరు మాత్రం ఆ పదిలో రంపానికి వీలుగా ఉండేవాటి దగ్గరే ఎక్కువగా కనిపిస్తారు.

ఇక ప్లేటు. 3.5 మిల్లీమీటర్ల రీకన్‌స్ట్రక్షన్ ప్లేటు అంటాం. ఆ కొలత ప్లేటుది కాదు, అందులో బిగించే స్క్రూది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య రెండు అంచుల్లోనూ గాట్లు ఉంటాయి. వాటి పుణ్యాన ప్లేటును కిందికీ పైకీ, పక్కకీ వంచొచ్చు, మెలిపెట్టొచ్చు. ఆ గాట్ల వల్లే దాని బలం కూడా తగ్గుతుంది. పట్టీ మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అలాగని మందం పెంచుకుంటూ పోతే గిన్నె వంపుకు ఒదగదు. ఒకసారి వంచినదాన్ని వెనక్కి వంచితే లోహం అలసిపోతుంది. అందుకే ముందు మెత్తటి పట్టీ ఒకటి ఎముక మీద నొక్కి, ఆకారం తీసుకుని, దాన్ని చూస్తూ అసలు ప్లేటును వంచుతాం. అది కూడా ఎముక వంపు కన్నా ఒక పిసరు తక్కువే వంచుతాం. అప్పుడు ప్లేటు నడుము గోడ ముక్కను తాకుతుంది, రెండు చివర్లూ కాస్త గాల్లో ఉంటాయి. గిన్నెకు పైనున్న కటి ఎముక భాగం ఇలియంలో, కిందున్న భాగం ఇస్కియంలో స్క్రూలు బిగించేకొద్దీ చివర్లు దిగుతాయి, నడుము గోడను అదిమి పట్టుకుంటుంది. చేతికి తెలిసే ఆ పిసరు ఎంతో మీ పరీక్ష ఫారంలో రాసే గడి ఉందా?

స్క్రూ కథ ఇంకా బాగుంటుంది. 2.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం చేసి 3.5 స్క్రూ ఎక్కిస్తాం. గిన్నెకు దగ్గరగా పోయే ప్రతి స్క్రూనూ కీలుకు దూరంగా వాల్చాలి. మీ దగ్గరైతే గిన్నెలోకి తొంగి చూసి మొన బయటికి వచ్చిందో లేదో చెప్పేయొచ్చు. మా దగ్గర అదే గిన్నెలో తొడ ఎముక తల కూర్చుని ఉంటుంది. ఆపరేషన్ బల్ల దగ్గరే ఉండే ఎక్స్‌రే యంత్రం సీ-ఆర్మ్‌ను అటు తిప్పి, ఇటు తిప్పి, వాలు ఎక్స్‌రేలు తీసి, "హమ్మయ్య, బయటే ఉంది" అనుకోవాలి. ఒక్క మొన కీలులోకి పొడుచుకొచ్చిందనుకోండి, మీ గ్రాఫులో బిగువు తగ్గదు. పొడుగు స్క్రూ కాబట్టి ఇంకాస్త పెరిగినా పెరుగుతుంది. మనిషికి మాత్రం అడుగడుగునా మృదులాస్థి గీరుకుపోతుంది. అతని తుంటిని నాశనం చేసే స్క్రూకు మీ దగ్గర ఫస్టు ర్యాంకు వచ్చే అవకాశం ఉందన్నమాట.

ఇప్పుడు బరువు సంగతి. మనిషి ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి మీద పడేది ఒంటి బరువు ఒక్కటే కాదు. నడుము రెండో వైపుకు ఒరిగిపోకుండా పిరుదు పక్కన ఉన్న కండరం లాగి పట్టుకుంటుంది. ఒంటి బరువుకు కీలు నుంచి ఉన్న దూరం ఎక్కువ, ఆ కండరానికి ఉన్న దూరం తక్కువ. అందుకే అది ఒంటి బరువును మించిన బలంతో లాగాలి. ఆ లాగుడంతా మళ్లీ గిన్నె మీదే పడుతుంది. బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటి కీళ్లలోనే కొలిచే సాధనాలు అమర్చి, నడుస్తున్న మనుషుల్లో ఈ భారాన్ని లెక్కగట్టింది. మామూలు నడకలో సగటున ఒంటి బరువుకు దాదాపు 2.4 రెట్లు, మెట్లెక్కేటప్పుడు 2.5 రెట్లు. అంటే 70 కిలోల మనిషి ఇంట్లోంచి వీధి అరుగు దాకా నడిచినా ఒక్కో అడుగుకు గిన్నె మీద 165 కిలోలకు పైనే. కాలు తట్టుకుని తూలితే ఏడు, ఎనిమిది రెట్లు దాటిన సందర్భాలు కూడా వాళ్ల రికార్డుల్లో ఉన్నాయి. మీకు చాలా ల్యాబుల్లో ఆ కండరమే ఉండదు. ఉన్నా దాని బదులు ఒక తీగ కడతారు. మీరు తూలరు కూడా. వీపును సిమెంటులో పాతేస్తే ఎవరు మాత్రం తూలుతారు?

సరే, నిలబడ్డారు. కూర్చున్నారా ఎప్పుడైనా? నిలబడినప్పుడు భారం గిన్నె పైకప్పు మీద పడుతుంది. వెనక గోడకు అసలు పరీక్ష కుర్చీలోంచి లేచేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు. ఒక్క కుర్చీలోంచి లేవడానికే ఒంటి బరువుకు రెండు రెట్లకు దగ్గరగా భారం పడుతుంది, అది కూడా వంగిన తుంటి మీద. అయినా వెనక గోడకు వేసిన ప్లేటును పరీక్షించడానికి మిమ్మల్ని ఒంటికాలి మీద నిలబెట్టిన వాళ్లు చాలామందే ఉన్నారు. ఆ గోడకు అక్కడ పనే తక్కువ. పని లేనప్పుడు ఏ ప్లేటైనా బుద్ధిమంతుడే. ఆపరేషన్ అయిన రోగి ఇంటికి పోయేటప్పుడు మమ్మల్ని ప్లేటు స్టీలుదా, టైటానియందా అని అడగడు. "సార్, బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా? మాది ఇండియన్ బాత్రూమే, ఎట్లా మరి?" అని అడుగుతాడు. దానికి మీరు ఇప్పటిదాకా సరైన జవాబు చెప్పలేదు. మేమే మూడు నెలలు కుర్చీ బాత్రూమే వాడమని, కర్రల సాయంతో కాలు నేలకు ఆనీ ఆనకుండా నడవమని చెప్పి పంపిస్తున్నాం.

అసలు గొడవ ఇంకోటి ఉంది. మీరు ప్లేటు ఎప్పుడు వంగుతుంది, స్క్రూ ఎప్పుడు ఊడుతుంది, ముక్కల మధ్య సందు ఎంత తెరుచుకుంటుంది అన్నవే కొలుస్తారు. మా రోగుల్లో ప్లేటు విరిగి తిరిగొచ్చేవాళ్లు అరుదు. ఈ చోట మెత్తటి ఎముక ఎక్కువ, రక్తం బాగా అందుతుంది, దాదాపు అందరికీ అతుక్కుంటుంది. మా దగ్గరికి తిరిగొచ్చేది కీలు అరిగిపోయిన వాళ్లు. ఎముకంతా అతుక్కుని, ప్లేటు ఎక్స్‌రేలో తళతళా మెరుస్తూ, స్క్రూలన్నీ బిగువుగా ఉండి కూడా కుంటుకుంటూ వస్తారు. గిన్నె లోపలి తలంలో చిన్న మెట్టు మిగిలిపోయి ఉంటుంది. అమెరికాలో జోయెల్ మట్టా తాను మూడు వారాల లోపు ఆపరేషన్ చేసిన 262 గాయాల ఫలితాలను 1996లో ప్రచురించాడు. ముక్కలు ఒక మిల్లీమీటరు లోపు తేడాతో కూర్చుంటే ఆయన లెక్కలో సరిగ్గా అమరినట్టు, మూడు మిల్లీమీటర్లు దాటితే చెడినట్టు. తుంటి భవిష్యత్తు ఎక్కువగా దాని మీదే ఆధారపడిందని తేలింది. అంతకుముందు 1995లో ఓల్సన్ బృందం ఇంకో చిక్కు చూపించింది. శవాల తుంటి కీళ్లలో వెనక గోడను విరిచి, మళ్లీ సరిగ్గా అమర్చి బిగించినా, కీలు లోపల ఒత్తిడి పడే తీరు మొదటిలా కాలేదు. ప్లేటు పట్టుకుంది, గోడ కదల్లేదు, అయినా భారం పంపకం మారిపోయింది. మీ గ్రాఫు చూస్తే ఆ విషయం ఎవరికీ తెలియదు.

మీ మీద నాకు పగ లేదు. రెండు ప్లేట్లను పోల్చాలంటే మీరే కావాలి. ఇద్దరు మనుషుల ఎముకలు ఒకేలా ఉండవు, తేడా ప్లేటుదో ఎముకదో తేలదు. ఆ మేరకు మీ సాక్ష్యం చెల్లుతుంది. "ఈ గట్టిదనం వల్ల రోగి బాగుపడతాడు" అని మీ తరఫున ఎవరో చివర తగిలించే వాక్యానికే నా అభ్యంతరం. రెండు ప్లేట్లతో ముక్కల మధ్య తెరుచుకునే సందులో తేడా మిల్లీమీటరులో చిన్న భాగం, ధరలో తేడా మాత్రం రోగి కుటుంబానికి అప్పయ్యేంత.

కాబట్టి విన్నపం. ఈసారి యంత్రం దగ్గరికి వచ్చేటప్పుడు గోడను ఒకే ముక్కగా కాకుండా మూడు నాలుగు ముక్కలుగా విరిగి రండి. మీ వంశంలోనే తక్కువ సాంద్రత నురుగుతో చేసిన గుల్ల ఎముకలు ఉన్నాయి కదా, అరవై దాటినవాళ్ల తరఫున వాటిని పంపండి. గిన్నె లోపలి పలక పగిలి, తొడ ఎముక తల పొత్తికడుపు వైపు దూసుకుపోయే గాయాలు ఆ వయసులోనే ఎక్కువ, అక్కడ స్క్రూ పట్టు దొరకడమే కష్టం. పిరుదు కండరాన్ని తోడు తెచ్చుకోండి. గిన్నెలో ఒత్తిడి కొలిచే ఫిల్ము ఒకటి పెట్టించుకోండి.

ఇట్లు,
తమ గ్రాఫుల పాఠకుడైన ఒక ఎముకల డాక్టరు

తా.క.: సిమెంటులోంచి బయటికి రావడం కుదిరితే, తుంటిని తొంభై డిగ్రీలు దాటి వంచి ఒకసారి గొంతుక్కూర్చోండి. వెనక గోడ ఏమంటుందో రాసి పంపండి. రోగులకు చెప్పాలి.