పాత స్పోర్ట్స్ కారు: బోరు కొట్టించాలా, ఇంజనే మార్చేయాలా?

బాలానగర్‌లో ఒక లేత్ షాపు. బల్ల మీద గోనెపట్టా పరిచి, మా బావ కారు క్రాంక్‌షాఫ్టును (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసును) దాని మీద పడుకోబెట్టారు. ఉస్తాద్ కిరోసిన్ గుడ్డతో మూడో జర్నల్‌ను (బేరింగులో తిరిగే నునుపైన భాగాన్ని) తుడిచి, బొటనవేలి గోరును దాని మీద అడ్డంగా లాగారు. "చూడండి సార్, గోరు తట్టుకుంటోంది" అన్నారు. బావ లాగి చూశాడు. నన్నూ చూడమన్నాడు. నిజమే, తట్టుకుంది. కంటికి సరిగ్గా ఆనని ఆ గాడి దగ్గర 2004 మోడలు రెండు సీట్ల కారు ఆగిపోయింది. కారు పేరెందుకు లెండి, తప్పు దానిది కాదు. ఇంజనాయిలు మార్చాల్సిన గడువును రెండుసార్లు దాటబెట్టింది మా బావే.

అంతకు ముందు మూడు వారాలు ఇంటిల్లిపాదీ ఇంజనీర్లే. ప్రమాదంలో నుజ్జయిన కారు నుంచి తీసిన ఇంజను రెండు లక్షల డెబ్బై అయిదు వేలకు దొరుకుతుందని ఒకరన్నారు. అదే కంపెనీ, అదే మోడలు, రెండు రోజుల్లో దించి ఎక్కించేయవచ్చట. ఎలాగూ దించుతున్నారు కదా, జపాన్ వాళ్ల పెద్ద ఇంజను పెట్టించండి, బలం రెట్టింపవుతుందని ఇంకొకరు. ఉస్తాద్ మాత్రం విప్పి చూడందే ఏమీ చెప్పనన్నారు. ముగ్గురిలోనూ విప్పకముందే తీర్పు చెప్పనిది ఆయనొక్కరే. నాకు ఆయన మాటే నమ్మదగ్గదిగా తోచింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైదరాబాద్‌లో పాత స్పోర్ట్స్ కారు ఉన్నవారు, బ్లాకు (సిలిండర్లుండే ఇంజను దిమ్మ) పగలకుండా ఉంటే, ఉన్న ఇంజనుకే బోరు కొట్టించి, అంటే అరిగిన సిలిండర్ గోడలను కాస్త వెడల్పుగా చెక్కించి, పని చేయించుకోవాలి. వేరే జాతి ఇంజను పెట్టించడం ఇక్కడ చట్టానికీ పొసగదు, జేబుకూ పొసగదు. అదే రకం ఇంజను తెచ్చుకోవడం మధ్యేమార్గం. అయితే అదీ పాతదాన్ని విప్పి కొలిచాకే.

ఇంజను మార్పిడి అంటే మనవాళ్లకు అంత తేలిగ్గా అనిపించడానికి కారణం లేకపోలేదు. ఒక బండిలో మరో ఇంజను కొత్తగా చూస్తున్నది కాదు మనం. కాంటెస్సా బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కారు ఒడ్డూ పొడుగుతో వచ్చి, మొదట అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజనుతో ఈడ్చుకుంటూ నడిచింది. తర్వాత హిందుస్థాన్ మోటార్స్ వారే అందులో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టాక కారుకు కాళ్లొచ్చాయి. ప్రీమియర్ 118ఎన్ఈ ఫియట్ 124 శరీరంలో నిస్సాన్ వారి 1171 సీసీ ఇంజను. పేరులోని ఎన్ఈ కూడా ఆ నిస్సాన్ ఇంజను గురించే. ఇవి పనిచేశాయి. ఎందుకు పనిచేశాయంటే, కాంటెస్సాలో ఇంజనొక్కటే మారలేదు, దానితోపాటు అయిదు గేర్ల పెట్టె కూడా వచ్చింది. ఇంజనును పట్టి ఉంచే మౌంటింగుల నుంచి రేడియేటర్ దాకా జత కుదిర్చే పనిని ఒక కర్మాగారం తన నెత్తిన వేసుకుంది.

కర్మాగారం చేసినా వికటించిన కథ కూడా మన పొరుగునే ఉంది. బ్రిటన్‌లో 1976లో వచ్చిన రోవర్ ఎస్‌డీ1లో 3.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను ఉండేది. చూడగానే దూకేలా కనిపించే కారు. 1977లో యూరప్ మేటి కారుగా ఎంపికైంది. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1985లో దాన్ని స్టాండర్డ్ 2000 పేరుతో ఇక్కడికి తెచ్చి, 1940ల నాటి వాన్‌గార్డ్ వంశానికి చెందిన రెండు లీటర్ల ఇంజను తగిలించింది. చిరుతపులికి ఎడ్ల కాళ్లు. కొద్ది ఏళ్లకే ఆ కారు ఆగిపోయింది.

ఒక కంపెనీకే తప్పిన లెక్క షెడ్డులో ఇద్దరు మెకానిక్‌లకు ఎలా కుదురుతుంది? ఇంజను మార్పిడిలో అసలు కన్నా కొసరు ఎక్కువ. కొత్త ఇంజను వెనుక భాగం పాత గేర్‌బాక్సుకు కలవదు. మధ్యలో ప్లేటు కోయించాలి. ఫ్లైవీల్, క్లచ్ వేరు. మౌంటింగులు మళ్లీ వెల్డింగ్ చేయాలి. సైలెన్సర్ దారి మారుతుంది. ఇదంతా ఇనుముతో పని కాబట్టి మన లేత్ వాళ్లు ఏదోలా గట్టెక్కిస్తారు. తంటా వైర్ల దగ్గర మొదలవుతుంది. 2000 తర్వాతి కార్లలో ఇంజను కంప్యూటర్ తాళంచెవితోనూ, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌తోనూ, డ్యాష్‌బోర్డుతోనూ మాట్లాడుకుంటూ ఉంటుంది. కొత్త ఇంజను కంప్యూటర్ భాష పాతవాటికి అర్థం కాదు. వేడి ఎంతో మీటరు చూపదు, ఏబీఎస్ దీపం ఆరదు. ఇలా సగంలో ఆగిపోయిన కార్లు నగరంలో ఎన్ని షెడ్ల వెనుక దుమ్ము కప్పుకుని పడి ఉన్నాయో పాత మెకానిక్‌లను అడిగితే చెబుతారు. వాటిలో చాలావాటికి బానెట్ కింద ఇంజను ఉంటుంది, ముందు సీటు మీద వైర్ల కట్ట ఉంటుంది.

మరి అమెరికాలో అందరూ చేస్తున్నారు కదా అంటారు, ఫోనులో వీడియో చూపిస్తూ. అక్కడ చేస్తారు, నిజమే. జనరల్ మోటార్స్ 1997లో కార్వెట్‌లో పెట్టిన ఎల్ఎస్1 ఇంజను 5.7 లీటర్లది, కామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు) బ్లాకులోనే ఉండటంతో తల భాగం చిన్నదిగా ఉండి ఇరుకు బానెట్లలో కూడా పడుతుంది. ఆ కుటుంబపు ఇంజన్లు పికప్ ట్రక్కుల్లోనూ లక్షల్లో వచ్చాయి కాబట్టి తుక్కు యార్డుల్లో సులువుగా దొరుకుతాయి. మాజ్దా మియాటా లాంటి చిన్న కారులోకి దాన్ని ఎక్కించడానికి కావాల్సిన బ్రాకెట్లు, వైరింగు రెడీమేడ్‌గా అమ్ముతారు. అంటే మనం వీడియోలో చూసే ఒక్క మనిషి వెనుక ఒక చిన్న పరిశ్రమ ఉంది. అక్కడ కూడా కాలిఫోర్నియాలో మార్చిన ఇంజను కారు తయారైన సంవత్సరానిదో, అంతకన్నా కొత్తదో అయి ఉండాలి, ప్రభుత్వ రిఫరీ (తనిఖీదారు) పరీక్షలో నెగ్గాలి. వీడియోలో ఆ భాగం ఉండదు.

ఇక మన చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా ఉండేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికీ అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే అవకాశం వచ్చింది. అదే రకం ఇంజనైనా సరే, దాని నంబరు వేరు కాబట్టి రిజిస్ట్రేషన్ పత్రంలోకి ఎక్కించుకోవాలి. ఆ ఇంజను ఎవరి కారులోది, ఎలా చేతికొచ్చింది అని అడిగితే చూపడానికి బిల్లు ఉండాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పదు. అక్కడ ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి ఇంజను నంబరు చూస్తారు. బీమా పత్రంలో ఉన్నదీ ఆ నంబరే. నంబర్లు కలవని కారుకు ప్రమాదం జరిగితే వాదించుకోవలసింది మెకానిక్ కాదు, యజమాని.

మరో ముచ్చట. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉంటేనే ఆ హోదా. మా బావ కారుకు ఆ వయసు 2054లో వస్తుంది. అప్పటికి పెట్రోలు దొరికితే చూద్దాం.

ఇంత చెప్పినా, ఇంజను పని సులువని అనను. సులువని చెప్పే మెకానిక్‌ను నమ్మవద్దనే అంటాను. బోరుకొచ్చిన, అంటే సిలిండర్లు అరిగిన ఇంజనంటే చాలామందికి పిస్టన్ రింగులు మార్చడం, బోరు కొట్టించడం అంతే. కానీ పని మొదలయ్యేది సన్నని తేడాలు కొలిచే మైక్రోమీటర్ దగ్గర. సిలిండర్‌ను పైన, మధ్యన, కింద, నిలువుగా, అడ్డంగా కొలవాలి. అరుగుదల గుండ్రంగా ఉండదు. హెడ్డు (సిలిండర్ల పై మూత) వంగిందేమో స్కేలు పెట్టి చూడాలి. ఈ కొలతలు కాగితం మీద రాసివ్వని షాపులో కారు వదలకూడదు. అదృష్టవశాత్తూ ఈ విషయంలో హైదరాబాద్ పేద ఊరు కాదు. 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న బాలానగర్ చుట్టూ మిల్లీమీటరులో వందో వంతు తేడాను వేలితో పసిగట్టే చేతులున్నాయి. రాణిగంజ్‌లో బేరింగులు వెతకవచ్చు. ఇక్కడ దొరకనివి పిస్టన్లు, గ్యాస్కెట్లు. వాటిని విదేశాల నుంచి తెప్పించుకుని నెలల తరబడి ఎదురుచూడాలి. బోల్టుల దగ్గర మాత్రం పొదుపు వద్దు. హెడ్డు బోల్టులు చాలా కార్లలో ఒక్కసారి బిగించడానికే. సాగిన బోల్టును మళ్లీ వాడితే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

అన్ని ఇంజన్లూ ఇలా లొంగవు. 1990ల చివరి నుంచి వచ్చిన పోర్షే బాక్‌స్టర్, ఆనాటి 911లోని ఎం96 ఇంజనును తీసుకోండి. అల్యూమినియం బ్లాకులో సిలికాన్ కలిసిన సిలిండర్ గోడలు దానివి. మామూలు ఇనుప బ్లాకులా బోరు కొట్టి పెద్ద పిస్టన్ వేస్తామంటే కుదరదు. ప్రత్యేకమైన స్లీవులు (లోపల తొడిగే గొట్టాలు) వేయించాలి. అందులో క్రాంక్‌కూ కామ్‌షాఫ్టులకూ మధ్య తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు విరిగితే ఇనుప రజను ఇంజనంతా పాకుతుంది. అలాంటప్పుడు అదే రకం పాత ఇంజను కొనడం నయమనిపిస్తుంది. కానీ అదే రకం ఇంజనుతో అదే బేరింగు వెంట వస్తుంది. దాన్ని కారులోకి ఎక్కించక ముందే విప్పి మార్చుకోవాలి. అంటే అక్కడ కూడా పని తప్పలేదు. యూరప్‌లోనో అమెరికాలోనో పేరున్న పునర్నిర్మాణ షాపులకు పంపే స్తోమత లేనివారు ఆ కారు జోలికి పోకపోవడమే మంచిదని నా సలహా. ఎంత ముచ్చటేసినా సరే.

బ్లాకు పగిలితే, కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) పక్కకు పొడుచుకుని బయటికొస్తే మాత్రం వాదన అక్కర్లేదు, అదే రకం ఇంజను వెతుక్కోవాలి. కొనే ముందు కంప్రెషన్ (సిలిండర్లలోని ఒత్తిడి) కొలిపించి, అడుగున ఆయిల్ ట్యాంకు విప్పించి లోపల చూడాలి. విప్పనివ్వని అమ్మకందారు దగ్గర కొనకూడదు.

మా బావ కారు బ్లాకు ఇనుపదే, పగలలేదు. క్రాంక్‌ను పావు మిల్లీమీటరు గ్రైండ్ చేసి, దానికి తగ్గ మందపాటి బేరింగులు వేశారు. సిలిండర్లకు అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఇంజను కన్నా లక్షన్నర ఎక్కువే అయింది, నాలుగు నెలలు పట్టింది. అక్క మాట్లాడటం మానేసింది, బావతో కాదు, ఉస్తాద్ పేరు చెప్పిన నాతో.

బండి ఇచ్చేటప్పుడు ఉస్తాద్ ఒకటే షరతు పెట్టారు: మొదటి అయిదు వందల కిలోమీటర్లు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కవద్దు. 158 కిలోమీటర్ల ఆ దారిలో ఒకే వేగంతో సాగితే కొత్త రింగులు గోడలకు సరిగా కుదురుకోవు. ఎక్కుతూ దిగుతూ, వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. అందుకని మేం వికారాబాద్ వైపు అనంతగిరి కొండలకు మూడు ఆదివారాలు వెళ్లాం. మూడోసారి తిరిగొచ్చాక ఉస్తాద్ ఆయిలు దించి, తెల్లటి పంచె ముక్కలో వడగట్టి, ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశారు. అక్కడక్కడా సన్నని మెరుపు. "ఇది కొత్త రింగులది, పర్వాలేదు" అని ఆ గుడ్డను మడిచి డాష్‌బోర్డు కింది అరలో పెట్టారు, వెయ్యి కిలోమీటర్ల దగ్గర మళ్లీ తెమ్మని.