బోర్డు ఒకరిది, వంటగది ఇంకొకరిది

ఉదయం ఏడున్నరకు బఫే దగ్గర మూత తీస్తే గుడ్డు పొరటు అంచుల్లో ఆకుపచ్చగా మారి కనిపించింది. బ్రెడ్డు చల్లగా ఉంది, కాఫీ గోరువెచ్చగా ఉంది. ఇదేంటని అడిగితే అక్కడున్న కుర్రాడు తల దించుకున్నాడు. పేరున్న చైన్ హోటల్ అది. తప్పు మాత్రం ఆ కుర్రాడిది కాదు.

ఆ రంగు వచ్చిందంటే గుడ్డు పాడైందని కాదు. ఎక్కువసేపు వేడి మీద ఉంచితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి అలా మారుస్తాయి. వండిన పదార్థాన్ని దాదాపు 60 డిగ్రీల వేడికి తగ్గకుండా ఉంచాలనేది ఆహార భద్రత నియమం, మంచిదే. కానీ ఒకేసారి పెద్ద ట్రే నింపి గంటల తరబడి వేడినీళ్ల మీద పెట్టమని ఏ నియమమూ చెప్పలేదు. కొద్దికొద్దిగా వండి తెస్తే భద్రతా ఉంటుంది, రుచీ ఉంటుంది. అందుకు వంటగదిలో ఇంకో మనిషి కావాలి. ఆ మనిషికి జీతం ఎవరివ్వాలి? అసలు పేచీ ఇక్కడే.

పెద్ద హోటల్ కంపెనీలు భవనాలను సొంతానికి ఉంచుకోవడం ఎప్పుడో తగ్గించేశాయి. 1993లో మారియట్ తన ఆస్తులను ఒక కంపెనీగా, నిర్వహణను, బ్రాండ్‌ను మరో కంపెనీగా విడదీసింది. 2017లో హిల్టన్ కూడా తన హోటల్ భవనాల్లో చాలావాటిని వేరే కంపెనీకి అప్పగించింది. ఫ్రాంచైజీ పద్ధతిలో, అంటే స్థానిక యజమాని బ్రాండ్ పేరు వాడుకుని హోటల్ నడిపే పద్ధతిలో, ఆ పేరుకు బ్రాండ్ కంపెనీకి వచ్చే రాయల్టీ ఎక్కువగా గదుల ఆదాయంలో వాటా. గది నిండితే దాని డబ్బు దానికి వచ్చేస్తుంది. గుడ్లు, పాలు, వంటవాడి జీతం మాత్రం స్థానిక యజమాని జేబులోంచే పోతాయి. అద్దెలో కలిపేసిన టిఫిన్ మీద అతనికి విడిగా వచ్చేదేమీ లేదు, కోత పెడితే మాత్రం అంతా మిగులే. ఇలాంటి లెక్కలో టిఫిన్ బాగుంటే అది ఆ యజమాని మంచితనమే.

తక్కువ అద్దెకు ఇంతకంటే ఏం పెడతారని కొందరంటారు. పెట్టలేకపోతే మానేయండి, అద్దె ఆ మేరకు తగ్గించండి. బుకింగ్ పేజీలో నోరూరించే ఫొటో పెట్టి గది అమ్మాక ఆ మాట చెల్లదు.

నా కోపం హోటళ్లతో ఆగదు. సరుకు తెచ్చేవాడి చొక్కా మీద ఒక కంపెనీ పేరుంటుంది, జీతమిచ్చేది ఇంకో కాంట్రాక్టరు. ఫిర్యాదు చేస్తే ఫోనెత్తేది మూడో సంస్థ మనిషి. సంతకం పెట్టే అధికారం ఉన్నవాడు మనకెక్కడా ఎదురుపడడు. తిట్లు పడేది మాత్రం అన్నిటికంటే తక్కువ జీతగాడికి. వ్యాపారాన్ని ఇలా ముక్కలు చేయడాన్ని సామర్థ్యం అని మెచ్చుకుంటున్నాం. నేను దాన్ని తప్పించుకోవడం అంటాను.

గది ఖాళీ చేసిన మర్నాడు బ్రాండ్ నుంచి సర్వే వచ్చింది. సిబ్బంది మర్యాదకు పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగారు. పదీ వేశాను. ఆ ఉదయం వంటగదిలో ఎంతమందిని పెట్టారో చెప్పమని కింద రాశాను. ఇంకా జవాబు రాలేదు.