అక్కడ పారేయమన్న గిన్నెలో ఇక్కడ పిల్లలకు పప్పు

2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. విదేశాల నుంచి వస్తున్న కొన్ని అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం (ఒక రకం అల్యూమినియం మిశ్రమం) వంటపాత్రల్లోంచి సీసం తిండిలోకి దిగుతోంది, వాటిని అమ్మొద్దు, వాడొద్దు, పారేయండి, ఇంకొకరికి దానంగా కూడా ఇవ్వొద్దు అని చెప్పింది. ఆ జాబితాలో మొదట ఎక్కింది మన దేశంలో తయారైన పాత్రే. తర్వాత జాబితా పెరుగుతూ వచ్చింది. మరి ఆ మాట మన ఇల్లాలికి ఎవరు చెప్పారు? హాస్టల్ వంటమనిషికి ఎవరు చెప్పారు?

అల్యూమినియం అనగానే మతిమరుపు జబ్బు అల్జీమర్స్ గురించి వాదన మొదలవుతుంది. ఆ సంబంధం రుజువు కాలేదని, మూత్రపిండాలు బాగున్నవాళ్లు తిండితో వచ్చే అల్యూమినియాన్ని చాలావరకు బయటికి పంపేస్తారని డాక్టర్లు అంటున్నారు. నిజమే, మేమూ కాదనం. అయితే రుజువైనవి కూడా ఉన్నాయి. 1970ల్లో డయాలసిస్ నీటిలోని అల్యూమినియం రోగుల మెదడుకెక్కి మాట తడబడింది, మతి తప్పింది, ప్రాణాలు పోయాయి. ఇక పిల్లల మెదడును దెబ్బతీసే సీసం సంగతి ఎవరినీ అడగనక్కర్లేదు. పిల్లల రక్తంలో ఇంత వరకు ఉంటే ఫర్వాలేదన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో తేల్చింది.

గిన్నెలోకి సీసం తుక్కుతో వస్తుంది. పాత ఇంజిన్ భాగాలు, వైర్లు, డబ్బాలు, ఏది దొరికితే అది కరిగించి పోత పోసేస్తారు. అలాంటివాటినీ మనం ‘సిల్వర్ గిన్నె’ అని కిలోల లెక్కన కొనుక్కుంటాం. తోమేటప్పుడు చేతికి నల్లగా అంటుతుంది చూడండి, ఆ లోహమే ఊడి వస్తోంది. అందులో చింతపండు పులుసో టమాటా పప్పో గంటసేపు మరిగితే? పులుపు తగిలితే అల్యూమినియం ఇంకా ఎక్కువగా కరుగుతుంది. 10 వర్ధమాన దేశాల నుంచి తెచ్చిన 42 అల్యూమినియం వంటపాత్రలను 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో పరీక్షించారు. మూడింట ఒక వంతు పాత్రల్లో సీసం ప్రమాదం బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఒక మనిషికి రోజుకు హద్దు అనుకున్న అల్యూమినియం కంటే ఎక్కువ, ఒక్క పూట వడ్డనలోనే 40 పాత్రల నుంచి దిగింది.

అమెరికాలో సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో అఫ్గాన్ శరణార్థుల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనిపిస్తే అక్కడి ఆరోగ్య సిబ్బంది ఊరుకోలేదు. ఇళ్లకు వెళ్లి ఆరా తీశారు, వెంట తెచ్చుకున్న అల్యూమినియం గిన్నెల దగ్గర పట్టుకున్నారు. 2024లో ఆ నగరం ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం వంటపాత్రల్లో సీసానికి హద్దు పెడుతూ చట్టమే చేసింది. అంటే సియాటిల్‌లో పెరుగుతున్న మన మనవడికి కాపలా ఉంది. సిద్దిపేటలోనో శ్రీకాకుళంలోనో బడిలో అన్నం తినే మనవరాలికి లేదు. ఇద్దరి మెదడూ ఒకటే కదా!

మనకు నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024 మార్చి 14న ఉత్తర్వు ఇచ్చింది. బజారుకు వెళ్లి తోపుడుబండి మీది గిన్నెను తిరగేసి చూడండి, ఆ గుర్తు ఎన్నిటికి ఉందో తెలుస్తుంది. ఎగుమతి సరుకు మీద పరాయి దేశం వేలెత్తి చూపాక కూడా, అదే రకం సరుకు మన సంతలో ఎలా ఉందని అడిగే నాథుడు కనిపించడు. పరాయి పిల్లలకు విషమైనది మన పిల్లలకు వంటసామాను ఎలా అయింది?

బిస్కట్లు, కేకుల సంగతీ అంతే. పిండి పొంగడానికి కలిపే, అల్యూమినియం ఉన్న పదార్థాన్ని ప్యాకెట్ మీద 541 అనే అంకెగా వేస్తే సరిపోతోంది. ఆ అంకె ఏమిటో కొనే తల్లికి తెలిసే దారి లేదు. పేరే తెలుగులో రాయించండి.

అన్నిటికంటే ముందు మధ్యాహ్న భోజనం వండే బడుల్లో, అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ హాస్టళ్లలో ఉన్న ప్రతి అల్యూమినియం డేగిసాకు సీసం పరీక్ష చేయించాలి. పోత గిన్నెలను వెంటనే తీసేసి స్టీలువి ఇవ్వాలి. డబ్బు లేదని చెప్పొద్దు. అధికారుల క్యాంటీన్లకు స్టీలు గిన్నెలు కొన్నప్పుడు రాని లోటు పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వస్తోంది? రెండు రాష్ట్రాల విద్యాశాఖ మంత్రులూ రేపు ఏదో ఒక బడి వంటగదికి వెళ్లి, పులుసు మరుగుతున్న డేగిసా అడుగు ఒకసారి చూడండి. అందులోంచి ఒక గరిటె మీ పిల్లల కంచంలో వేయగలరో లేదో అక్కడే నిలబడి చెప్పండి.