ఒక ‘ఇఫ్’ ఆదా

డ్రైవర్ కోడ్‌లో (పరికరాలతో మాట్లాడే ప్రోగ్రాంలో) ఎడ్జ్ కేసులు, అంటే ఎప్పుడో అంచున తగిలే అరుదైన ఇబ్బందులు, పట్టించుకునే వాళ్ల వల్లే దేశం స్లో అయిపోతోందని నా గట్టి నమ్మకం. సాక్ష్యం కావాలంటే విడవలూరు దగ్గర మా మామ రొయ్యల గుంటకు రండి.

గుంటలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్, గట్టు మీద ఒక పెట్టె. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) తగ్గితే ఆ పెట్టె నీళ్లకు గాలి అందించే ఏరేటర్లను ఆన్ చేస్తుంది. అందులో డ్రైవర్ రాసిన కుర్రాడు మహా పొదుపరి. సెన్సర్ పలికేదాకా ‘వచ్చిందా, వచ్చిందా’ అని లూపులో అడుగుతూనే ఉంటాడు. ఇంతసేపటికీ రాకపోతే వదిలెయ్ అనే టైమౌట్ షరతు, అదే ఒక ‘ఇఫ్’, మాత్రం పెట్టలేదు. దండగ కదా!

లెక్క చూడండి. వైరు మీద స్పీడు 9600 బాడ్, అంటే సెకనుకు 9600 బిట్లు. ఒక్క బైటు రావడానికే దాదాపు ఒక మిల్లీసెకను. 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసరుకు ఆలోపు లక్ష క్లాక్ సైకిళ్లు (పని అడుగులు) తిరుగుతాయి. ‘ఇఫ్’ తీసేసినంత మాత్రాన సెన్సర్ ముందుగా పలకదు, నిజమే. కానీ అదే ప్రశ్న ఇంకొన్నిసార్లు ఎక్కువ అడగొచ్చు. ఆత్మకూరు బస్టాండులో బస్సు కోసం చూస్తూ గబగబా పచార్లు చేసినవాడికి వచ్చేంత లాభం!

మొన్న తెల్లవారుజామున పందికొక్కు వైరు కొరికేసింది. సెన్సర్ మూగబోయింది. డ్రైవర్ మాత్రం ఫుల్ స్పీడులో అడుగుతూనే ఉంది. ఏరేటర్ల వంతు రానేలేదు. మామ వెళ్లేసరికి రొయ్యలు తేలిపోయాయి. పెట్టె చేసినవాళ్లకు ఫోన్ చేస్తే, ‘పందికొక్కు ఎడ్జ్ కేసు సార్’ అన్నారు. ఎందుకు కాదు, అది తిరిగేదే గట్టు మీద.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లది ఇంకో చాదస్తం. దాని గుండెకాయ అయిన కెర్నెల్‌లో టైము లెక్కపెట్టే జిఫ్ఫీస్ కౌంటరును సున్నా నుంచి మొదలుపెట్టరు. 32 బిట్లు నిండి మళ్లీ సున్నా కావడానికి 5 నిమిషాల ముందు నుంచి మొదలుపెడతారు. ఆ సున్నా దగ్గర ఎవరి డ్రైవర్‌లోనైనా టైము లెక్క తప్పితే వెంటనే బయటపడాలట. గృహప్రవేశం రోజే పెన్నాకు వరద తెప్పించుకోవడమన్నమాట! మన పెట్టెలో మిల్లీసెకన్ల కౌంటరు నిక్షేపంగా సున్నాతో మొదలై 49 రోజుల 17 గంటలకు గానీ నిండి మళ్లీ సున్నాకు రాదు. వనామీ రొయ్యల పంటకు 100 నుంచి 120 రోజులు. పంటకు రెండుసార్లు. అంతేగా!

మామ ఇప్పుడు గట్టు మీదే మంచం వేసుకున్నాడు. గంటకోసారి అలారం.

“ఏంది మామా ఇది?” అన్నాను.

“నువ్వు చెప్పిన ఆ టైమౌట్ నేనే అబ్బయ్యా” అన్నాడు.